స్లో కుక్కర్‌లో గుమ్మడికాయ హల్వా నీళ్లోడుతోందా? ముందు మూత సంగతి చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. 6 క్వార్ట్‌ల (ఐదున్నర లీటర్ల పైచిలుకు) స్లో కుక్కర్‌లో, అంటే సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నెలో, 2 కిలోల గుమ్మడి తురుము, లీటరు పాలు, అరకిలో బెల్లం, ముప్పావు కప్పు నెయ్యి పొద్దున్నే ఒకేసారి వేసి, 'లో' సెట్టింగులో 8 గంటలు పెట్టి ఆఫీసుకి వెళ్లారు. సాయంత్రం వచ్చి మూత తీస్తే పాలు విరిగిపోయి ఉన్నాయి, పైన నీళ్లు తేలాయి, గుమ్మడి పీచుపీచుగా ఉంది. శనివారం దీపావళికి ఇంటికి 20 మంది వస్తున్నారు, పొయ్యి మీద బర్నర్లన్నీ కూరలకే సరిపోతాయి, అందుకని హల్వా స్లో కుక్కర్‌లోనే అవ్వాలి. ఎక్కడ తప్పు జరిగింది, ఈసారి ఎలా చెయ్యాలి అని అడిగారు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 19 ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. మా గుడిలో పండగలకి ప్రసాదాలు చేసేవాళ్లలో తీపి వంటకం ఎప్పుడూ నా వంతుకే వస్తుంది. రెండు స్లో కుక్కర్లు పక్కపక్కన పెట్టుకుని వందమందికి ప్రసాదంగా గుమ్మడికాయ హల్వా చేసిన రోజులున్నాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ హల్వా కచ్చితంగా కుదురుతుంది. టెన్షన్ పడకండి.

ముందుగా ఫ్రిజ్‌లో పెట్టిన ఆ గిన్నె సంగతి చూద్దాం. దాన్ని పారబొయ్యకండి. అదే సాయంత్రం ఫ్రిజ్‌లో పెట్టాను అన్నారు కాబట్టి అది పాడైనట్టు కాదు. పాలు విరిగితే తయారయ్యేది ఒక రకం పనీర్ పలుకే కదా. ఒక చిల్లుల గిన్నెలో పలచని గుడ్డ పరిచి, దాన్ని అందులో పోసి అరగంట వదిలేయండి. కిందకి దిగిన నీళ్లలో మీ బెల్లం చాలా వరకు ఉంటుంది, అందుకే వాటిని పారబొయ్యకుండా వెడల్పాటి మూకుడులో పోసి, పెద్ద మంట మీద మూడో వంతుకి ఇగరబెట్టండి. వేరే బాణలిలో రెండు మూడు చెంచాల నెయ్యి వేసి, అరకప్పు బొంబాయి రవ్వ ఎర్రగా వేయించి, వడకట్టిన గుమ్మడి అందులో వేసి, ఆ చిక్కబడ్డ బెల్లం నీళ్లు పోసి కలపండి. పది నిమిషాల్లో రవ్వ ఆ తడినంతా పీల్చేసుకుని కేసరిలాగా దగ్గరపడుతుంది. విరిగిన పాలు కలాకండలో పలుకుల్లాగా నోటికి తగులుతాయి. ఇంట్లోవాళ్లకి ఈ వారం అదే పెట్టండి. అతిథులకి మాత్రం కొత్తగా చేద్దాం.

ఇప్పుడు అసలు కారణం. మీ లెక్కే ఒకసారి వేసి చూడండి. గుమ్మడికాయలో నూటికి తొంభై వంతులు నీళ్లే. 2 కిలోల తురుములో దాదాపు 1,800 గ్రాముల నీళ్లున్నాయి. లీటరు పాలలో ఇంకో 900 గ్రాముల దాకా. అంటే మీరు చుక్క నీళ్లు పొయ్యకపోయినా గిన్నెలోకి రెండున్నర లీటర్లకి పైగా నీళ్లు వెళ్లాయి. హల్వా చెంచాకి నిలబడాలంటే అందులో అరలీటరుకి కాస్త అటూ ఇటూగా మిగలాలి, మిగతాదంతా ఆవిరైపోవాలి. పొయ్యి మీద మూకుడులో మనం గంటన్నరసేపు నిలబడి కలిపేది ఇందుకే. చెయ్యి నొప్పి పుట్టేదాకా కలుపుతాం గానీ, అసలు పని చేసేది మూత లేని ఆ వెడల్పాటి మూకుడే.

స్లో కుక్కర్ దీనికి పూర్తిగా ఎదురు. మూడో గంటలో గాజు మూత మీదికి వంగి చూడండి. లోపలివైపు ముత్యాల్లాగా బొట్లు కట్టి ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి, బరువెక్కి, మూత వాలు వెంబడి అంచుకి జారి, టప్పున మళ్లీ గిన్నెలోకే పడతాయి. పైకి వెళ్లిన ఆవిరంతా తిరిగి గిన్నెలోకే వస్తోందన్నమాట. 8 గంటలు పెట్టినా, 10 గంటలు పెట్టినా ఆ రెండున్నర లీటర్లలో పోయేది కొంచెమే.

అసలు ఆ వస్తువు పుట్టిందే అలా ఉండటం కోసం. ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ దానికి 1940లో పేటెంటు పొందాడు. లిథువేనియా నుంచి వచ్చిన వాళ్లమ్మ చెప్పిన చోలెంట్ అనే వంటకం అతనికి ఆ ఆలోచన ఇచ్చింది. యూదులకి శుక్రవారం పొద్దుగూకితే సబ్బాతు అనే విశ్రాంతి రోజు మొదలవుతుంది, ఇక పొయ్యి ముట్టించకూడదు. అందుకని చిక్కుడు గింజలు, మాంసం కుండలో పెట్టి, ఊళ్లో రొట్టెలు కాల్చే బట్టీకి పంపేవారట. బట్టీ ఆర్పేశాక మిగిలిన వేడికే రాత్రంతా ఉడికి, మర్నాటికి తినడానికి సిద్ధంగా ఉండేది. 1970లో నాక్సన్ కంపెనీని రైవల్ అనే సంస్థ కొనుక్కుని, మరుసటి ఏడాది క్రాక్-పాట్ అనే పేరుతో అమ్మింది. గింజలకి, మాంసానికి నీళ్లు గిన్నెలోనే ఉండాలి, లేకపోతే అడుగంటుతాయి. మన దప్పళం కూడా అలాంటిదే. సంక్రాంతికి గుమ్మడికాయ, చిలగడదుంప, ములక్కాడలు వేసిన దప్పళం స్లో కుక్కర్‌లో ఎంత బాగా కుదురుతుందో చేసి చూస్తే మీకే తెలుస్తుంది. హల్వాకి మాత్రం ఆ గుణమే అడ్డం.

మా అమ్మమ్మగారింట్లో పెరటి అరుగు మీద దాలి ఉండేది. పిడకలు పేర్చి నిప్పు వేసి, పాలకుండ దాని మీద పెడితే పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా సన్నటి సెగ మీద కాగుతూనే ఉండేవి. పాలు ఎర్రబడి, మీద మందంగా మీగడ కట్టేది. మట్టి మూతకి చిల్లులుండేవి. చిన్నప్పుడు ఆ చిల్లుల్లోంచి వచ్చే పొగవాసన ఆవిరికి ముఖం పెట్టి కూర్చునేదాన్ని. దాలి కూడా స్లో కుక్కరే. కాకపోతే అది ఆవిరిని పోనిస్తుంది, ఇది పోనివ్వదు. మీ స్లో కుక్కర్‌ని సగం పని వరకు స్లో కుక్కర్‌లాగా, మిగతా సగం దాలిలాగా వాడటమే నేను చెప్పబోయే పద్ధతి.

ముందు కాయ గురించి కొంచెం ఓపిగ్గా చెబుతాను, ఎందుకంటే మీ హల్వా పీచుగా రావడానికి కారణం అక్కడుంది. హాలోవీన్ పండక్కి ముఖం చెక్కుదామని తెచ్చి, చెక్కకుండా మిగిలిపోయిన గుమ్మడికాయ వాడానన్నారు. నేనూ అమెరికా వచ్చిన మొదటి సంవత్సరం అదే చేశాను. షాపు బయట పెద్దపెద్ద కాయలు చవగ్గా పెట్టారు, మన ఊరి గుమ్మడికాయే అనుకుని ఆశగా తెచ్చుకున్నాను. కోస్తే లోపల పాలిపోయి, నారలాగా ఉంది. మూడు గంటలు కలిపినా తీపి రాలేదు, రంగు రాలేదు. ఇంటి మీద బెంగతో ఉన్న రోజులవి, ఆ మూకుడు ముందు కూర్చుని ఏడ్చేశాను. ఆ కాయల్ని పెంచేదే చెక్కడానికి. తొక్క గట్టిగా, కండ పలచగా, గూడు పెద్దగా ఉండాలని చూస్తారు గానీ రుచి కోసం కాదు. మన తీపి గుమ్మడికాయ ఎక్కువగా మోస్కాటా జాతిది, హాలోవీన్ కాయ పెపో జాతిది. ఇక వడియాలకీ దిష్టికీ వాడే బూడిద గుమ్మడికాయ వీటిలో చేరదు, దాని హల్వా తీరు వేరు.

ఇక్కడ దొరికేవాటిలో మన రుచికి దగ్గరగా ఉండేవి రెండు. బటర్‌నట్ మన గుమ్మడి జాతిదే, పీచు ఉండదు, తొక్క కూరగాయల పీలర్‌తోనే వచ్చేస్తుంది. కబోచా ముదురాకుపచ్చ తొక్కతో, లోపల చిలగడదుంపలాగా పొడిపొడిగా ఉంటుంది. నీళ్లు తక్కువ, తీపి ఎక్కువ. నా మటుకు నేను సగం సగం కలుపుతాను. కబోచా తొక్క కత్తికి లొంగదు. నాలుగైదు చోట్ల కత్తి మొనతో పొడిచి, మైక్రోవేవ్‌లో మూడు నాలుగు నిమిషాలు పెడితే మెత్తబడుతుంది. గుచ్చకుండా మాత్రం పెట్టకండి, లోపల ఆవిరి పట్టి పగిలిపోతుంది. ఇండియన్ షాపులో కోసిన ముక్క అమ్ముతుంటే ఇంకా మంచిది, లోపలి రంగు చూసి తీసుకోవచ్చు. ముదురు నారింజ రంగు ఉండాలి, గోరు గుచ్చితే సులువుగా దిగకూడదు, సైజుకి మించిన బరువు ఉండాలి. ముదురు కాయని కొన్నాళ్లు చల్లటి పొడి చోట ఉంచితే అందులోని పిండి పదార్థం కొంచెం కొంచెంగా చక్కెరగా మారుతుంది. మా ఊళ్లో కోసిన కాయల్ని అటక మీద వరసగా పేర్చి నెలల తరబడి ఉంచేది ఊరికే కాదు.

డబ్బాలో గుమ్మడి గుజ్జు వాడొచ్చా అని కూడా అడిగారు. వాడొచ్చు, బాగానే ఉంటుంది. లిబ్బీస్ డబ్బాలో ఉండేది డికిన్‌సన్ అనే రకం గుమ్మడి. ఇలినాయ్‌లో మోర్టన్ అనే ఊరి చుట్టుపక్కల పండుతుంది. చూడటానికి హాలోవీన్ కాయలాగా కాకుండా బటర్‌నట్‌కి అన్నలాగా లేత గోధుమరంగులో ఉంటుంది. అదీ మోస్కాటా జాతే. ఒక్క జాగ్రత్త, డబ్బా మీద పంప్కిన్ ప్యూరీ అనో, నూరు శాతం పంప్కిన్ అనో ఉండాలి. పక్కనే అదే రంగులో ఉండే పంప్కిన్ పై ఫిల్లింగ్ తీసుకుంటే అందులో అప్పటికే పంచదార, దాల్చినచెక్క, లవంగం పొడి కలిపి ఉంటాయి. హల్వాకి ఆ వాసన అస్సలు నప్పదు. డబ్బా గుజ్జుకి ఒక పచ్చి రేకు వాసన ఉంటుంది. నేతిలో పది నిమిషాలు వేయిస్తే పోతుంది, ఆ పని మానేయకండి. 822 గ్రాముల పెద్ద డబ్బాలు రెండు తీసుకుంటే మీ 20 మందికి సరిపోతాయి. అది ముందే ఉడికింది కాబట్టి, కింద చెప్పే పద్ధతిలో ముక్కలు ఉడికించే మొదటి మజిలీ వదిలేసి నేరుగా రెండో దానికి, అంటే నేతిలో వేయించడానికి వెళ్లిపోవచ్చు.

ఇక పద్ధతి. 2 కిలోలు అంటే తొక్క, గింజలు తీసేశాక ఉన్న బరువు. ఈసారి తురమకండి. తురుము త్వరగా నీళ్లొదిలి ఉండకట్టేస్తుంది, పైగా అంత కాయ తురమడం చేతులకి పెద్ద శిక్ష. అంగుళం ముక్కలు చాలు. గిన్నె లోపల, అంచుల దాకా నెయ్యి రాసి, ముక్కలు వేసి, ఇంకో రెండు చెంచాల నెయ్యి, చిటికెడు ఉప్పు వేయండి. నీళ్లొద్దు, పాలొద్దు, తీపి అసలే వద్దు. ముక్క మెత్తబడకముందే పంచదార గానీ బెల్లం గానీ పడితే ముక్క బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎంతసేపు పెట్టినా వెన్నలాగా నలగదు. మీ గుమ్మడి పీచుగా మిగలడానికి కాయతో పాటు ఇదీ ఒక కారణమే.

మూత పెట్టి 'హై'లో మూడు గంటలు. చాలామంది 'లో' అంటే తక్కువ వేడి, 'హై' అంటే ఎక్కువ వేడి అనుకుంటారు. చాలా మోడళ్లలో రెండూ చివరికి చేరేది ఒకే చోటికి, దాదాపు 98 డిగ్రీల సెల్సియస్‌కి. 'హై' త్వరగా చేరుతుంది, 'లో' నెమ్మదిగా చేరుతుంది, అంతే తేడా. ఈ మూడు గంటలూ మూత తియ్యకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలకి పైనే పడుతుంది. మీది ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) అయితే అందులో స్లో కుక్ వేడి అడుగు నుంచి మాత్రమే వస్తుంది, మామూలు స్లో కుక్కర్‌లాగా చుట్టూ రాదు. దాన్ని అందులోని ఎక్కువ వేడి సెట్టింగు 'మోర్'లో పెట్టి, ఇంకో గంట ఎక్కువ ఇవ్వండి.

మూడు గంటల తర్వాత ముక్కలు వాటి నీళ్లలోనే మునిగి ఉంటాయి. ఇక్కడే మీ హల్వా బాగుపడుతుంది. గిన్నె మీద చిల్లుల గరిటె అడ్డం పెట్టి, ఆ నీళ్లని జాగ్రత్తగా వేరే గిన్నెలోకి వంచేయండి. గిన్నె మరీ బరువుగా అనిపిస్తే గరిటెతో తోడేయండి, వేడి గిన్నె ఎత్తి సాహసం చెయ్యొద్దు. నాకు 2 కిలోల ముక్కలకి రెండు మూడు కప్పుల నీళ్లు వస్తాయి. అంటే అరలీటరు పైనే, పొయ్యి అక్కర్లేకుండా, కలపకుండా ఒక్క నిమిషంలో పోయింది. ఆ నీళ్లు తియ్యగా, బంగారు రంగులో ఉంటాయి. మా ఇంట్లో వాటితో చపాతీ పిండి కలుపుతాను, పిల్లలు ఇష్టంగా తింటారు. చారులో పోసినా బాగుంటుంది.

మిగిలిన ముక్కల్ని పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ వద్దు. మిక్సీ వేస్తే పసిపిల్లలకి పెట్టే గుజ్జులాగా అయిపోతుంది, హల్వాకి కాస్త పలుకు తగలాలి.

రెండో మజిలీలో స్లో కుక్కర్ దాలిగా మారుతుంది. నేను ఇక్కడ ఒకే ఒక్కసారి పొయ్యి వాడతాను, ఇరవై నిమిషాలు. అరకప్పు నెయ్యి వెడల్పాటి మూకుడులో వేడిచేసి, జీడిపప్పు, కిస్‌మిస్ వేయించి పక్కన పెట్టుకుని, అదే నేతిలో మెదిపిన గుమ్మడి వేసి పెద్ద మంట మీద కలుపుతాను. మొదట్లో తప్పతప్ప చప్పుడు చేస్తూ చిందుతుంది, చేతి మీద పడితే కాలుతుంది, పొడుగు గరిటె వాడండి. పదిహేను నిమిషాలయ్యేసరికి ఆ చప్పుడు తగ్గి, చుయ్‌మని నెయ్యి వేగే శబ్దం వస్తుంది. నారింజ రంగు కాస్తా ఇటుక రంగులోకి తిరుగుతుంది. పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చేది ఇక్కడే. స్లో కుక్కర్ వేడి నీళ్లు మరిగే వేడిని దాటదు కాబట్టి ఈ వేగుడు అందులో ఎన్ని గంటలు పెట్టినా రాదు. ఈ ఒక్క పని మూకుడు చెయ్యాల్సిందే.

వేడివేడిగానే దాన్ని తిరిగి స్లో కుక్కర్‌లో వేసి, 'హై'లో పెట్టి, గిన్నె అంచు మీద ఒక చెక్క గరిటె అడ్డం పెట్టి దాని మీద మూత ఆనించండి. ఒక పక్క వేలెడు సందు ఉంటే చాలు. ఆ సందులోంచి ఆవిరి దారం పోగులాగా పోతూ ఉంటుంది. మూత పూర్తిగా తీసేయకండి, గిన్నె చల్లబడిపోతుంది. ఇలా రెండు గంటలు. అరగంటకోసారి అంచుల్ని గీరి కలపండి. చుట్టూ పట్టీలాగా ఎర్రగా కట్టినదాన్ని మాడిందనుకుని వదిలెయ్యకండి, గీరి లోపలికి కలిపితే ఆ రుచే రుచి. నల్లబడితే మాత్రం తీసెయ్యాలి. గరిటె అడ్డం పెట్టడం ఇష్టం లేకపోతే మూత కింద దళసరి నూలు గుడ్డ పరిచి మూత పెట్టొచ్చు, బొట్లని గుడ్డ పీల్చేసుకుంటుంది. గుడ్డ కొసల్ని పైకి మడిచి మూత మీద ముడి వెయ్యండి, కుక్కర్ వేడి గోడకి తగిలేలా వేలాడదియ్యొద్దు. గంటకోసారి గుడ్డ మార్చాలి.

ఇంకో మాట. మూత ఓరగా పెట్టడం ఇలా గిన్నె అంతా బాగా వేడెక్కి ఉన్నప్పుడే. చల్లటి పదార్థం వేసి మొదటి నుంచీ మూత ఓరగా పెడితే గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతుంది, పాలున్న వంటకానికి అది మంచిది కాదు. ఆహారం 60 డిగ్రీల పైన ఉండాలి. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసినదాన్ని ఎప్పుడూ నేరుగా స్లో కుక్కర్‌లో వేడిచెయ్యకూడదు.

ఇప్పుడు పాల సంగతి. పాలు ఎందుకు విరిగాయో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగినా చెబుతారు. పరమాన్నంలో బెల్లం ఎప్పుడు వేస్తాం? పొయ్యి కట్టేసి, కాస్త చల్లారాక. బెల్లంలో సహజంగా కొంచెం పులుపు గుణం ఉంటుంది, గుమ్మడిలోనూ కొంత ఉంటుంది. చల్లటి పాలు ఆ పులుపుని తట్టుకుంటాయి గానీ కాగుతున్న పాలు తట్టుకోలేవు. మీరు పాలు, బెల్లం, గుమ్మడి మూడింటినీ కలిపి 8 గంటలు కాచారు. ఏ పాలైనా విరుగుతాయి.

ఈ హల్వాకి ద్రవంగా ఉన్న పాలు అక్కర్లేదు. 150 గ్రాముల పాలపొడి చాలు. పొడిని నేరుగా చల్లితే ఉండలు కడుతుంది, అందుకని పావు కప్పు గోరువెచ్చటి పాలలో పేస్టులాగా కలిపి వేయండి. ఇండియన్ షాపులో ఫ్రీజర్‌లో దొరికే కోవా అయితే 200 గ్రాములు, తురిమి వేయండి. కోవాతో రుచి ఎక్కువ. పాలపొడి అయినా కోవా అయినా చివరి గంటలో వేస్తే సరిపోతుంది.

తీపి విషయంలో మీరొక నిర్ణయం తీసుకోవాలి. పంచదార అయితే పని తేలిక. 400 గ్రాములు పాలపొడితో పాటే చివరి గంటలో వేసేయండి. వెయ్యగానే హల్వా మళ్లీ జారుగా అవుతుంది, కంగారుపడొద్దు, ఆ గంటలో దగ్గరపడుతుంది. బెల్లమే కావాలంటే 400 గ్రాములు అరకప్పు నీళ్లలో కరిగించి, వడకట్టి, వేళ్ల మధ్య జిగురుగా అంటేదాకా మరిగించి పక్కన పెట్టండి. స్లో కుక్కర్ కట్టేశాక, పది నిమిషాలాగి, గోరువెచ్చటి పాకాన్ని కలపండి. గుమ్మడికి బెల్లమే అసలు జోడీ అని నా నమ్మకం. పంచదారతో చేస్తే గుమ్మడి రంగు అందంగా నిలబడుతుంది, బెల్లంతో చేస్తే మన ఇంటి రుచి వస్తుంది. చాలామంది అతిథులు, పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి మీరు మూడు వంతుల బెల్లం, ఒక వంతు పంచదార వేసుకున్నా బాగుంటుంది.

అయ్యిందని ఎలా తెలుస్తుందంటే, గరిటెతో గిన్నె మధ్యలో ఒక గీత గీయండి. గీత రెండు క్షణాలు అలాగే నిలబడి నెమ్మదిగా మూసుకోవాలి, అంచుల్లో నెయ్యి మెరవాలి. గీత గియ్యగానే నీళ్లు ఊరితే ఇంకో అరగంట. పూర్తిగా గట్టిపడేదాకా చూడకండి, చల్లారాక ఇంకా బిగుస్తుంది.

యాలకుల పొడి, జాజికాయ చివర్లోనే వేయాలి, ముందే వేస్తే గంటల సెగకి వాసనంతా ఆవిరితో పోతుంది. పచ్చకర్పూరం ఇష్టమైతే ఆవగింజంత, అంతకి మించితే చేదు. మా గుడిలో ప్రసాదానికి తప్పకుండా వేస్తాం.

హల్వా కన్నా తేలికగా కావాలి, అంతసేపు కాపలా ఉండలేను అనుకుంటే పాయసం చెయ్యండి. మూత పెట్టే ఉంచొచ్చు కాబట్టి ఈ గిన్నెకి అది ఇంకా బాగా నప్పుతుంది. కిలో ముక్కలు 'హై'లో మూడు గంటలు ఉడికించి మెదిపి, 354 మిల్లీలీటర్ల ఎవాపరేటెడ్ మిల్క్ డబ్బాలు రెండు, 397 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి పోసి, 'లో'లో ఇంకో గంట. డబ్బా పాలు ముందే బాగా కాచినవి కాబట్టి మామూలు పాలలాగా తొందరగా విరగవు. కొబ్బరి పాలు పోసేట్టయితే ఆఖరి ఇరవై నిమిషాల్లోనే.

ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక హెచ్చరిక. అమెరికా నుంచి తెచ్చిన స్లో కుక్కర్ 120 వోల్టులది, మన ఇంట్లో 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. మీకు మందపాటి అడుగున్న గిన్నె, సన్నటి సెగ చాలు.

మీ శనివారం లెక్క ఇలా పెట్టుకోండి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే 6 గంటలకి ముక్కలు 'హై'లో పెట్టండి, 9 గంటలకి నీళ్లు వంచి, మెదిపి, వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. కుండ లాంటి ఆ గిన్నెని వేడి మీద చన్నీళ్లలో పెట్టకండి, పగులుతుంది. శనివారం మధ్యాహ్నం రెండింటికి, కూరలు మొదలుపెట్టకముందే, మూకుడులో ఇరవై నిమిషాల వేగుడు పూర్తిచేసి స్లో కుక్కర్‌లోకి మార్చేయండి. అక్కడినుంచి బర్నర్లన్నీ మీవే. బెల్లం పాకం కూడా అప్పుడే చేసి ఉంచుకోండి. నాలుగున్నరకల్లా అయిపోతుంది. పాకం కలిపాక 'వార్మ్'లో పెట్టి, మూత కింద గుడ్డ వేసి ఉంచితే భోజనాల దాకా వేడిగా ఉంటుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు కలపండి, నెయ్యి అంచులకి చేరిపోతుంది. తినగా మిగిలింది గిన్నెలోనే వదిలెయ్యకుండా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. వేయించిన జీడిపప్పు, యాలకుల పొడి మాత్రం దగ్గరే పెట్టుకుని, అతిథులు గుమ్మంలో చెప్పులు విప్పుతున్నప్పుడు మూత తీసి కలపండి. ఇల్లంతా ఆ వాసన వస్తుంది.